విల్మార్‌లో రెండో సగం

ఆగస్టు 6, సోమవారం

టెరెన్స్ బాగ్‌షా ఈ రోజు కూడా ఫైలు పట్టుకుని వచ్చాడు. మా ఊరి చరిత్ర బృందంలో చేరి ఇంకా ఆరు నెలలు కాలేదు, అప్పుడే మాకు చరిత్ర ఎలా రాయాలో నేర్పుతున్నాడు. ఉద్యోగంలో ఉన్నప్పుడు భూములు కొలిచేవాడట. రిటైరైనా చెయ్యి ఊరుకోదు కాబోలు, మా నడక దారిలో ఒక్కో మజిలీకి మధ్య ఎన్ని అడుగులో కూడా లెక్కపెట్టి కాగితం మీద వేశాడు.

ఏటా జనాన్ని వెంటబెట్టుకుని ఊరి చరిత్ర చెబుతూ తిప్పే మా నడక ఈ ఏడాది అంతా ఇళ్ళ పేర్ల మీద. సెప్టెంబరు ఎనిమిదిన. ఆష్‌మియర్‌లో 1930ల్లో ఈ జంట ఇళ్ళు లేచినప్పుడు, నంబరు చాలదన్నట్టు ప్రతివాడూ ఇంటికి పేరు పెట్టుకున్నాడు. మొగుడి పేరులో ఒక ముక్క, పెళ్ళాం పేరులో ఒక ముక్క, రెండూ కలిపి అతికించడమే. లెస్‌మే, కెన్‌విన్, డోర్‌సిడ్. నడక అయ్యాక ఇవన్నీ చిన్న పుస్తకంగా అచ్చువేస్తాం.

టెరెన్స్‌కు మా మూడో నియమం నచ్చలేదు. ఇంటి పేరు వెనక కథ ఆ ఇంటివాళ్ళే చెప్పాలి, వాళ్ళు చెప్పినదాన్ని మనం సరిదిద్దకూడదు. 1984లో బృందం పెట్టినప్పుడు మిస్ ట్రెడ్‌గోల్డ్ స్వయంగా రాసిన నియమం.

"ఇంటివాళ్ళు ఏది చెబితే అది రాసుకుంటే చరిత్ర కాదండీ, కబుర్లు," అన్నాడు.

"మన బృందంలో సగం మంది కబుర్ల కోసమే వస్తారు టెరెన్స్ గారూ. మిగతా సగం కేకు కోసం."

నవ్వలేదు. సెప్టెంబరు నాలుగున కమిటీలో ఆ నియమం తీసేయాలని ప్రతిపాదన పెడతాడట. పెట్టుకోనీ.

ఆగస్టు 9

డోర్‌సిడ్‌కు వెళ్ళొచ్చాను. డోరిస్, సిడ్నీ పోయి నలభై ఏళ్ళు దాటింది. ఇప్పుడు హర్జీత్ వాళ్ళున్నారు. గేటు మీద పేరు మాత్రం మార్చలేదు. ఎందుకని అడిగితే, "డోరిస్ మాకు అత్తగారి లెక్క మేడమ్. ఇప్పటికీ ఆవిడ పేరు మీద ఉత్తరాలు వస్తాయి. ఆవిణ్ని ఇంట్లోంచి పొమ్మని ఎవరంటారు?" అన్నాడు. అదే రాసుకున్నాను. మూడో నియమం ఉండేది ఇందుకే, టెరెన్స్‌కు ఎక్కదు.

ఆగస్టు 14

రిహార్సల్ నడక. డిలిస్, నేను, టెరెన్స్. డిలిస్ కమిటీ అధ్యక్షురాలు, అంటే హాలు తాళంచెవి ఆవిడ దగ్గరుంటుంది. చివరన నడుస్తూ తలలు లెక్కపెట్టే పని ఈసారి టెరెన్స్‌ది. పసుపు కోటు వేసుకుని ఇద్దరినే మూడుసార్లు లెక్కపెట్టాడు.

తొమ్మిదో మజిలీ ఎప్పటిలాగే మా ఇల్లు. తలుపు పైన రంగుటద్దంలో పచ్చ అక్షరాలు: విల్మార్. విల్‌ఫ్రెడ్, మేరీ. మా నాన్న, మా అమ్మ. ఇంగ్లీషులో రాస్తే మేరీ పేరు మొదలయ్యేదీ 'మార్' అక్షరాలతోనే. మొదటి నడక నుంచీ ఆఖరి మజిలీ ఇక్కడే, ఆ తర్వాత వెనక తోటలో టీ. డిలిస్ నడక చివర పాట పాడినట్టు అంటుంది కదా, "ఈ ఇంటి సంగతి ఇంటివాళ్ళే చెప్పాలి" అని. ఆ మాట మిస్ ట్రెడ్‌గోల్డ్‌ది. అమ్మ గేటు దగ్గరికొచ్చి, చేతులు ఆప్రాన్‌కు తుడుచుకుని, పరీక్షలో జవాబు చెప్పినట్టు, "విల్‌ఫ్రెడ్, మేరీ" అనేది. ఆ రెండు మాటలు చెప్పడానికి అంత బిగుసుకుపోవడం ఎందుకని నేనూ నాన్నా తర్వాత నవ్వుకునేవాళ్ళం. నేనే నవ్వేదాన్నేమో. నాన్న నడక రోజు అసలు బయటికి వచ్చేవాడు కాదు. చిక్కుడు పాదుల్లో ఏదో పని పెట్టుకునేవాడు.

నాన్న పోయాక కూడా అమ్మే చెప్పేది, అమ్మ పోయాక నేను. మొదటి నడక నుంచీ లెక్కేస్తే ఇది నాకు ముప్పై అయిదోది.

ఆగస్టు 18, శనివారం

అద్దం కడిగాను. అమ్మ ప్రతి శనివారం స్టూలు వేసుకుని వెనిగర్‌తో తుడిచేది, వాన పడుతున్నా సరే. అదొక పిచ్చి అనుకునేదాన్ని. ఇప్పుడు నేను చేస్తున్నది ఏమిటో మరి.

లోపల హాల్లోంచి చూస్తే పేరు తిరగబడి కనిపిస్తుంది. చిన్నప్పుడు నాకు అక్షరాలు అలాగే వచ్చాయి, బడిలో టీచరు బాగా కంగారుపడింది. వీధికి పేరు సరిగ్గా కనిపిస్తుంది, ఇంట్లో ఉన్నవాళ్ళకే తిరగబడుతుంది.

అమ్మ గుర్తొస్తోంది. చివరి రోజుల్లో చెవులు పూర్తిగా పోయాయి పాపం. ఆసుపత్రిలో నర్సులు ఎంత పిలిచినా పలికేది కాదు.

ఆగస్టు 21

టెరెన్స్ వచ్చాడు. ఫోను కూడా చేయకుండా. లోపలికి రమ్మంటే బూట్లు తుడుచుకుంటూ గుమ్మంలోనే చాలాసేపు నిలబడ్డాడు.

"కమిటీలో అందరి ముందూ చూపించడం బాగుండదనిపించింది," అని ఒక ఫోటో బల్ల మీద పెట్టాడు.

1937, రాజుగారి పట్టాభిషేకం రోజున మా వీధిలో విందు. పొడవాటి బల్లలు, కాగితం టోపీలు. వెనకాల మా తలుపు. తలుపు పైన అద్దం. భూతద్దం అక్కర్లేదు, పేరు చదవొచ్చు.

"మీ తల్లిదండ్రుల పెళ్ళి 1948 అని మీరే ఒకసారి చెప్పినట్టు గుర్తు," అన్నాడు.

టీ ఇస్తానన్నాను. వద్దన్నాడు. ఫోటో వదిలి వెళ్ళాడు.

ఆగస్టు 22

పెద్ద విషయమేమీ కాదు.

ఆగస్టు 23

తెలిసిపోయింది. మార్తా. నాన్నమ్మ పేరు మార్తా. నాన్న ఇరవై ఆరేళ్ళ కుర్రాడు, పెళ్ళి కాలేదు, ఇల్లు కొనుక్కుని తన పేరూ తల్లి పేరూ కలిపి పెట్టుకున్నాడు. తర్వాత వచ్చిన భార్య మేరీ కావడం అదృష్టం. పుస్తకంలో రెండు వాక్యాలు కలిపితే సరిపోతుంది. టెరెన్స్‌కు ఉత్తరం రాసి పడేశాను. ఈ రాత్రి హాయిగా నిద్రపడుతుంది.

ఆగస్టు 27

టెరెన్స్ జవాబు: "1911 జనాభా లెక్కల్లో మీ నాన్నగారి తల్లి పేరు హన్నా అని ఉందండీ. అదే ఇంట్లో ఉన్న మేనత్త పేరు మార్తా. క్షమించాలి."

క్షమించాలట. మా నాన్నమ్మ పేరు నాకు చెప్పడానికి ఇతనెవరు?

హన్నాయే. ఇప్పుడు గుర్తొచ్చింది.

ఆగస్టు 29

రెండు బస్సులు మారి ఐవీ పిన్ని దగ్గరికి వెళ్ళాను. అమ్మకు మిగిలిన ఒక్కగానొక్క చెల్లెలు, తొంభై రెండేళ్ళు, వృద్ధుల హోంలో ఉంటుంది. కిటికీ పక్కన కూర్చుని, ఎదురు కుర్చీలో నిద్రపోతున్న ముసలాయనను చూపించి, "పేకాటలో దొంగాట ఆడతాడు, జాగ్రత్త," అంది.

ఫోటో ఇచ్చాను. కళ్ళజోడు ముక్కు మీదికి లాక్కుని చూసింది.

"ఇన్నాళ్ళకు అడిగావన్నమాట. వీధిలో అందరి తాతముత్తాతలనీ తవ్విపోశావు, మీ అమ్మ దగ్గరికొచ్చేసరికి పార ఆగిపోయింది."

"మార్ అంటే ఎవరు పిన్నీ?"

"మేరియన్. ఇంకెవరు? ఆ టీచరమ్మ. మీ నడకల మహారాణి."

మేరియన్ ట్రెడ్‌గోల్డ్. నన్ను బృందంలోకి చేయిపట్టి లాగింది ఆవిడే. పదకొండేళ్ళు ఆవిడ పక్కన నడిచాను. మిస్ ట్రెడ్‌గోల్డ్ అనే తప్ప ఏనాడూ పేరుతో పిలవలేదు. పేరు తెలియక కాదు. ప్రతి కాగితం మీదా ఆవిడ సంతకం ఉంది.

పిన్ని చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలి.

"ఇద్దరూ కలిసి ఇల్లు చూసుకున్నారు, అద్దం ఆర్డరిచ్చుకున్నారు. అప్పట్లో టీచరు పెళ్ళి చేసుకుంటే ఉద్యోగం వదిలెయ్యాలి. ఆవిడ వదలనంది. మీ నాన్న ఆగుదామనలేదు. అంతే, ఎవరి దారి వాళ్ళది. పన్నెండేళ్ళు ఆ అద్దం కింద ఒక్కడే ఉన్నాడు. ఆ తర్వాత మీ అమ్మ బస్సెక్కాడు. ఫ్లో అప్పుడు కండక్టరు కదా. దిగాల్సిన స్టాపులో దిగేవాడు కాదట. డిపో దాకా వెళ్ళి మళ్ళీ నడుచుకుంటూ వచ్చేవాడు. పిచ్చి ప్రేమే, అది కాదనను."

"ఫ్లో అని మీరు ముద్దుకు పిలిచేవాళ్ళు కదా."

"ముద్దేమిటే? దాని పేరే అది. ఫ్లోరెన్స్ ఎడిత్. మేరీ ఎక్కడి నుంచొచ్చింది? పెళ్ళయిన వారానికి పక్కింటావిడ గేటు దగ్గర నిలబడి, 'ఓహో, విల్మార్ అన్నమాట, అయితే మీరు మేరీనా, మార్గరెట్టా?' అందట. ఫ్లో నోటికొచ్చింది 'మేరీ' అని. అప్పటికి నోరు జారింది అనుకో. తర్వాత దిద్దుకోవచ్చుగా? నేను పోట్లాడాను. ఆ అద్దం పగలగొట్టి పారెయ్యమన్నాను. ఏమందో తెలుసా? 'అద్దం మారిస్తే ఎందుకని వీధంతా అడుగుతుంది ఐవీ. నేను మారితే ఎవరూ అడగరు' అంది."

ఫోటో తీసి సంచిలో పెట్టుకున్నాను.

"నాన్న మారమన్నాడా?" అని అడిగాను.

"అనలేదు. వద్దనీ అనలేదు. మర్నాటి నుంచి తనూ మేరీ అనే పిలిచాడు."

లేచి వస్తుంటే పిన్ని చెయ్యి పట్టుకుంది. "ఆసుపత్రిలో దానికి చెవుడని అందరికీ చెప్పావు నువ్వు. చెవుడు కాదే పిల్లా. నర్సులు మేరీ, మేరీ అంటుంటే పలకలేదు. ఆ పేరు తనదని అప్పటికి మరిచిపోయింది. నేను వెళ్ళి ఫ్లో అంటే కళ్ళు తెరిచింది. బస్సు వచ్చిందా అనడిగింది."

తిరుగు బస్సులో నా పక్కన కూర్చున్నావిడ ఒంట్లో బాగాలేదా అని అడిగింది. బాగానే ఉందన్నాను.

ఆగస్టు 30

ఫ్లోరెన్స్. గట్టిగా అని చూశాను. ఈ ఇంట్లో ఆ పేరు ఎవరైనా అన్నారా ఎప్పుడైనా?

సెప్టెంబరు 1, శనివారం

అద్దం కడగలేదు.

సెప్టెంబరు 2

నాన్న మీద కోపం రావాలి. వస్తోంది కూడా. కానీ బస్సులో డిపో దాకా కూర్చున్న మనిషి గుర్తొచ్చి మళ్ళీ పోతోంది. నాకు నాన్నంటే ఎక్కువ ఇష్టం. అమ్మకది తెలుసు. ఇది ఇంతకుముందు ఎక్కడా రాయలేదు.

పొద్దున్నుంచీ ఆ టీ బల్లే కళ్ళముందుంది. ఏటా నడక వచ్చి గేటు ముందు ఆగేది. మిస్ ట్రెడ్‌గోల్డ్ మిగతా ఎనిమిది మజిలీల్లో ఎవరినీ మాట్లాడనిచ్చేది కాదు, తారీఖులు గుక్క తిప్పుకోకుండా చెప్పేది. ఇక్కడికి రాగానే ఒక అడుగు వెనక్కి వేసి, "ఈ ఇంటి సంగతి ఇంటివాళ్ళే చెప్పాలి," అనేది. అమ్మ "విల్‌ఫ్రెడ్, మేరీ" అనేది. మిస్ ట్రెడ్‌గోల్డ్ తలూపేది. తర్వాత తోటలో అమ్మ పోసిన మొదటి కప్పు ఆవిడకే. "పంచదార లేకుండా కదా మిస్ ట్రెడ్‌గోల్డ్," అనేది అమ్మ. పదకొండుసార్లు చూశాను. ఏటేటా ఆ అద్దం కింద నిలబడి, అబద్ధమని తెలిసిన మాటకు ముప్పై మంది ముందు సాక్షిగా తలూపడానికి వచ్చేదా ఆవిడ? మూడో నియమం పెద్దమనుషుల మర్యాద కోసం రాసిందనుకున్నాను. ఒక్క ఇంటి కోసం రాసింది. మా అమ్మను ఎవరూ సరిదిద్దకుండా రాసింది.

దాన్ని నేను ముప్పై ఏళ్ళు టైపు చేసి అందరికీ పంచాను.

సెప్టెంబరు 4

కమిటీ. చర్చి హాల్లో హీటరు పనిచేయక అందరం కోట్లతోనే కూర్చున్నాం. మూడో నియమం విషయం వచ్చింది. నియమం ఉండాలని వాదించనా, పోవాలని వాదించనా, నాకే తెలియలేదు.

టెరెన్స్ లేచాడు. "నా ప్రతిపాదన వెనక్కి తీసుకుంటున్నాను," అని కూర్చున్నాడు.

"అదేమిటి, అంత ఫైలు తయారుచేశారుగా," అంది డిలిస్.

"ఫైలు ఎక్కడికీ పోదండీ."

బయట వాన. గొడుగు తెరుస్తూ నా పక్కకొచ్చి మెల్లగా అన్నాడు. "ఆ ఫోటో సంగతి నేనెవరికీ చెప్పలేదు. దానికి ఇంకో నకలు లేదు. పుస్తకంలో వేయాలా వద్దా అన్నది ఇంటివాళ్ళ ఇష్టం."

ఇతన్ని నేను ఆర్నెల్లుగా ఎన్నెన్ని మాటలన్నానో ఈ డైరీలోనే ఉంది. చింపను, ఉండనీ.

అయితే ఇక నా నెత్తినే పడింది.

సెప్టెంబరు 6

సమాధి రాయి మీద "మేరీ, విల్‌ఫ్రెడ్ భార్య" అని ఉంది. చెక్కించింది నేనే. మరణం నమోదు చేయించిందీ నేనే. ఫ్లోరెన్స్ అనే మనిషి ఇరవై ఎనిమిదేళ్ళు బతికి, బస్సుల్లో టికెట్లు కోసి, ఒక గేటు దగ్గర మాయమైపోయింది.

నడకలో చెప్పకపోతే అమ్మ దాచుకున్నది దాచినట్టే ఉంటుంది. యాభై ఏళ్ళు అంత కష్టపడి కాపాడుకున్నదాన్ని నేను పరాయివాళ్ళ ముందు విప్పడమా? అమ్మ పరువు ఏమవుతుంది?

చెబితే ఫ్లోరెన్స్ ఉంటుంది.

చెప్పను. తేల్చుకున్నాను. విల్‌ఫ్రెడ్, మేరీ. ఆవిడ కోరుకున్నదే అది.

సెప్టెంబరు 7

రేపు గేటు దగ్గర చెప్పాల్సిన మాటల కార్డు నాలుగుసార్లు రాశాను. నాలుగూ చింపాను. టీకి చేసిన షార్ట్‌బ్రెడ్ బిస్కట్లు మాడ్చాను.

సెప్టెంబరు 8, శనివారం

పొద్దున్నే లేచి అద్దం కడిగాను.

వాన తెరిపిచ్చింది. ఇరవై ఏడుగురు వచ్చారు. లెస్‌మే దగ్గర మామూలు గొడవ, ఆ ఇంటి ఇల్లాలి పేరు మేనా, మేవిస్సా అని. డోర్‌సిడ్ దగ్గర హర్జీత్ అత్తగారి కథ చెప్పి అందరినీ నవ్వించాడు, ఆపైన మాతోపాటే నడక కట్టాడు. నేను ఎనిమిది మజిలీలూ గడగడా చెప్పేశాను. తారీఖు ఒక్కటీ తప్పు పోలేదు. చివరన టెరెన్స్ పసుపు కోటు కనిపిస్తూనే ఉంది.

మా గేటు. డిలిస్ ఎప్పటిలాగే, "ఈ ఇంటి సంగతి ఇంటివాళ్ళే చెప్పాలి," అంది.

అందరూ అద్దం వైపు చూస్తున్నారు. నేను చేతులు కోటుకు తుడుచుకుంటున్నానని అప్పుడు గమనించాను. అచ్చం అమ్మలాగే. విల్‌ఫ్రెడ్ అన్నాను. మేరీ అనాలి. నర్సు మంచం మీదికి వంగి మేరీ, మేరీ అనడం, అమ్మ గోడకేసి చూస్తూ ఉండిపోవడం, నేను పక్కన నిలబడి ఆవిడకు వినిపించదండీ అనడం, అన్నీ ఒక్కసారిగా వచ్చాయి. ఆ పేరు నా నోట రాలేదు.

"విల్‌ఫ్రెడ్, మేరియన్," అన్నాను. "1936. మేరియన్ ట్రెడ్‌గోల్డ్. ఈ నడక మొదలుపెట్టింది ఆవిడే. మా అమ్మ పన్నెండేళ్ళ తర్వాత వచ్చింది. ఆవిడ పేరు ఫ్లోరెన్స్. బస్సు కండక్టరు. ఎవరో గేటు దగ్గర అడిగితే అద్దానికి సరిపోయే పేరు ఒకటి చెప్పింది, చచ్చేదాకా ఆ పేరుతోనే ఉంది. నేను కూడా ఇక్కడ నిలబడి ఆ పేరే చెప్తూ వచ్చాను. తప్పు చెప్పాను. ఆవిడ పేరు ఫ్లోరెన్స్ ఎడిత్."

ఏడ్చాను కొంచెం, దాచడం దేనికి.

డిలిస్ తన చేతిలోని మజిలీల కార్డు వైపు చూసింది, అందులో ఈ పేర్లేవీ లేవు. టెరెన్స్ టోపీ తీశాడు. అప్పుడు హర్జీత్ గేటు తోసుకుని లోపలికొస్తూ, "ఫ్లోరెన్స్ గారి ఇంట్లో టీ ఎటువైపు మేడమ్?" అన్నాడు.

ఏటా పక్క సందులోంచి తోటలోకి తీసుకెళ్ళేదాన్ని. ఇవాళ ముందు తలుపు తెరిచాను. ఒక్కొక్కరే హాల్లోంచి వెళ్ళారు, వెళ్తూ వెళ్తూ తలెత్తి తిరగబడ్డ పేరు చూశారు. ఎండ వచ్చింది. పచ్చ రంగు వాళ్ళ భుజాల మీద పడింది.

మొదటి కప్పు టెరెన్స్‌కు ఇచ్చాను. పంచదార రెండు చెంచాలు వేసుకుంటాడు.

సెప్టెంబరు 10

పుస్తకం ప్రెస్సుకు వెళ్ళింది. ఫోటో వేశాం. దాని కింద నేను రాసింది ఇంతే: "విల్మార్. 1936, విల్‌ఫ్రెడ్, మేరియన్. 1948 నుంచి 1999 వరకు ఈ అద్దాన్ని శనివారం శనివారం కడిగింది ఫ్లోరెన్స్."

ఐవీ పిన్నికి ఫోను చేసి చదివి వినిపించాను.

"అచ్చులోనా?" అంది.

"అచ్చులోనే పిన్నీ."

"ఫ్లో అనా?"

"ఫ్లోరెన్స్ అని. పూర్తి పేరు."

"సరే," అంది. ముక్కు చీదింది. "ఫ్లోతో మాత్రం అనకు. సిగ్గుపడుతుంది."

అననులే పిన్నీ అన్నాను.